ఎదురింటి తలుపు కంటే ఒక ఛాయ ముదురు

అసూయపడటానికి లోకంలో కార్లున్నాయి, మిల్లులున్నాయి, నెత్తిన ఒత్తుగా జుట్టున్న తోటి వయసువాళ్ళున్నారు. నేను మాత్రం ఒక చెక్కను చూసి కుళ్ళిపోయాను. అది మా తోడల్లుడి వాకిలి తలుపు.

తమిళనాట రాజపాళయంలో మా తెలుగువాళ్ళ వీధి ఎంత ఇరుకంటే, ఎదురింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ముతాం. ఆ ఎదురిల్లే తోడల్లుడిది. నా భార్య చెల్లెలి మొగుడు, నూలు వ్యాపారి. నేను పెద్దల్లుణ్ణి, బ్యాండేజి గుడ్డ వ్యాపారం. అతని నూలుతో లోకం చొక్కాలు కుట్టించుకుంటుంది, నా గుడ్డతో దెబ్బలకు కట్టు కట్టుకుంటుంది. మా ఇద్దరి జాతకాల్లో తేడా అక్కడే తెలిసిపోతుంది.

పోయిన ఏడాది అతను తన తలుపును గీకించి, చెక్కకు పట్టే స్టెయిన్ రంగు వేయించాడు. అప్పుడే దిగిన డికాక్షన్ రంగు. చెక్కలోని గీతలు ఒక్కొక్కటీ లేచి నిలబడి నమస్కారం పెడుతున్నట్టు ఉండేవి. షేర్ ఆటోలు ఎవరూ ఎక్కకపోయినా, ఎవరూ దిగకపోయినా అక్కడ ఆగేవి. తళవాయిపురం నుంచి పూలమ్మడానికి వచ్చే ఆవిడ ఆ తలుపులో చూసుకుని కొప్పు సర్దుకునేది. ఇవన్నీ సహించాను. సహించలేనిది ఎండ. పొద్దున మా ఇంటి కప్పు దాటి వచ్చిన ఎండ ఆ తలుపు మీద పడి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి, నేరుగా మా కూడంలోకి, అంటే ముందు హాల్లోకి, నేను పేపరు చదివే కుర్చీలోకి వచ్చేది. అతని వైభవాన్ని నా కళ్ళలో పొడవడానికి సూర్యుడే స్వయంగా పనికి కుదిరాడు.

ఇక మా తలుపు సంగతి. తాత కాలం టేకు. ఇంట్లో కల్యాణం జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు దానిమీద ఒక రంగు పూశారు, ఎవరూ పాత రంగు తీయలేదు. ఎండకు పైది పగిలితే కిందిది, కిందిది పగిలితే దాని కిందిది కనబడుతూ, బొల్లి వచ్చిన గేదె నడుములా తయారైంది. అడుగుభాగమంతా మా ఇంటి కుక్కల గోళ్ళ గీతలు. మా ఊరి తెల్ల వేటకుక్క తలుపు తీయమని అడగదు, అర్జీ రాస్తుంది. తరతరాల అర్జీలన్నీ ఆ చెక్కమీద భద్రంగా ఉన్నాయి.

ఇలా ఉండగా మా బామ్మర్దికి పెళ్ళయింది. మాలో ఒక వాడుక ఉంది. కొత్తజంట విందుకు మొదట అడుగుపెట్టేది పెళ్ళికొడుకు పెద్దక్క ఇంట్లోనే. అక్కడ ఆడబిడ్డ తలుపు మూసి లోపల నిలబడుతుంది. పుట్టబోయే కూతుర్ని మా ఇంటికి కోడలుగా ఇస్తామని మాట ఇస్తేనే తెరుస్తుంది. మా అబ్బాయి అప్పటికే కాలేజీలో చదువుతున్నాడు. ఆ పుట్టబోయే పిల్ల కోసం కూర్చుంటే వాడికి అరవైలో పెళ్ళవుతుంది. అయినా వాడుక వాడుకే. పెద్దక్క నా భార్య గనక ఆ గౌరవం మా గడపది.

అయితే ఎదురింటి మరదలు వాళ్ళమ్మ చెవిలో ఒక మాట వేసింది. వీడియో తీసేవాడు మా తలుపు చూసి పెదవి విరిచాడట, ఎదురింటి తలుపైతే సినిమాలా వస్తుందన్నాడట. మా అత్తగారు ఫోన్ చేసి, బాధపడుతున్నట్టే మాట్లాడుతూ తీర్పు చెప్పేసింది.

"తప్పుగా నెనచొద్దు మాప్పిళ్ళె. తలుపు బాగుచేస్తే మొదటి విరుందు మీ ఇంట్లోనే. లేకుంటే చిన్నదాని ఇంట్లో దిగి, అట్నే మీ ఇంటికి వస్తారు."

అట్నే! నోరారా మాప్పిళ్ళె అని పిలిచే పెద్దల్లుడి ఇంటికి, ఎదురింట్లో పాయసం తిని మూతి తుడుచుకుంటూ, అట్నే! ఆ ఒక్క మాటకు నాకు రక్తపోటు మిల్లు సైరన్ అంత ఎత్తుకు లేచింది. తలుపు నేనే బాగుచేస్తానని ప్రకటించాను. వడ్రంగిని పిలవమంది నా భార్య. ఊళ్ళో మంచి వడ్రంగి ఎదురింటి తలుపు చేసినవాడే. ఆ తలుపును తాకిన చేత్తో నా తలుపును తాకనిస్తానా?

ఉప్పు కాగితం, అంటే చెక్క గీకే గరుకు కాగితం, ఎంత అరగదీశానో చెప్తే నమ్మరు. పచ్చ పోతే నీలం వచ్చింది, నీలం కింద మా మేనత్త పెళ్ళినాటి గులాబీ, దాని కింద ఏ కల్యాణానిదో తెలియని మట్టి రంగు. ఆ ధూళి నా కనుబొమల మీద పేరుకుని నేను నడిచే హోలీలా కనిపించాను. చివరికి అసలు టేకు బయటపడింది. కొబ్బరిబెల్లం రంగులో, వాసనతో సహా. అంత మంచి చెక్కను ఇన్నాళ్ళూ దాచిపెట్టిన పూర్వీకుల మీద కూడా కాస్త అసూయ కలిగింది.

స్టెయిన్ కొట్టుకు వెళ్ళి ఏ రంగు కావాలో ఒక్క ముక్కలో చెప్పాను. ఎదురింటి దానికంటే ఒక ఛాయ ముదురు. కొట్టువాడు డబ్బా ఇస్తూ, కుంచెతో పూసి కాసేపు ఆగి, మిగిలినదాన్ని మెత్తటి నూలుగుడ్డతో తుడిచెయ్యాలని, తుడవకపోతే ఆరదని చెప్పాడు. మెత్తటి నూలుగుడ్డ! ఆ మాట ఎవరితో అంటున్నాడు? సత్రపట్టి మగ్గాల మీద నేసిన బ్యాండేజి గుడ్డ తానులు తానులుగా ఇంట్లో మంచాల కింద కూడా ఉన్నవాడితో. ఆస్పత్రులకు పంపే గుడ్డ, పుండు మీద వేసినా నొప్పి తెలియని గుడ్డ. ఎదురింటి తలుపుకు ఇంత మర్యాద జరిగి ఉండదని మురిసిపోతూ తుడిచాను.

బ్యాండేజి గుడ్డ నేత పలచన. కత్తిరించిన చోటల్లా పోగులు ఊడతాయి. జీవితమంతా ఆ గుడ్డ అమ్మినవాణ్ణి, నాకు తెలియని సంగతి కాదు. అసూయ ముందు వృత్తిజ్ఞానం నిలవలేదు, అంతే. జిగురుగా ఉన్న స్టెయిన్‌కు తెల్ల పోగులు వేలకువేలు అంటుకుపోయాయి. కాస్త దూరం జరిగి చూద్దును కదా, తలుపుకు బొచ్చు మొలిచింది. మా కుక్క వచ్చి దాన్ని వాసన చూసి, తన జాతిదే అనుకుందో ఏమో, తోక ఊపింది.

ఎదురు అరుగు మీంచి తోడల్లుడు చూస్తున్నాడు. నవ్వితే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. అతను నవ్వలేదు.

"తలుపుకు ఏం దెబ్బ తగిలిందన్నా, కట్టు కట్టినావు?" అని చాలా జాలిగా అడిగాడు. పాత పంచె ఒకటి ఇస్తానని కూడా అన్నాడు. అతని పంచెతో తుడిస్తే ఆ మెరుపు సగం అతని ఖాతాలోకి పోతుంది. అక్కర్లేదన్నాను.

మళ్ళీ గీకాను. మళ్ళీ పూశాను. పోగుల భయంతో ఈసారి అసలు తుడవలేదు. పైగా ఒక ఛాయ ముదురు రావాలి కదా అని మరో పూత దట్టంగా వేశాను. మర్నాడే విందు. పొద్దున చూస్తే, ఆహా, ఏం రంగు! ఎండు ఖర్జూరం, కాకరవేపుడు, పాత వీణ, ఈ మూడూ కలిసినట్టు. వేలు పెడితే మాత్రం వేలు కొంచెం ఆలస్యంగా తిరిగొచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా అత్తగారు వచ్చి చూసి తల ఊపింది. మొదటి విందు మాకే ఖాయమైంది. జంట కారు దిగింది, వీడియోవాడు వెనక్కి నడుస్తూ తీస్తున్నాడు, నేను వీధిలో నిలబడి ఎదురింటివైపు చూడకుండా చూస్తున్నాను. నా భార్య లోపలికి వెళ్ళి తలుపు మూసి, వాడుక ప్రకారం అడిగింది.

"మీ బిడ్డను మా వానికి ఇస్తారా?"

"ఇస్తామక్కా," అన్నాడు బామ్మర్ది.

తలుపు తెరుచుకోలేదు. లోపల గాజుల చప్పుడు, ఒక మూలుగు. దట్టమైన పూత ద్వారబంధాన్ని కౌగిలించుకుని వదలనంటోందని నాకు ఒక్కడికే అర్థమైంది. బామ్మర్దికి మరోలా అర్థమైంది. అక్క తృప్తి పడలేదనుకున్నాడు.

"నిజంగానే ఇస్తాము. సీరు అంతా పెట్టి ఇస్తాము," అని సారె కూడా కలిపాడు. తలుపు కదల్లేదు. "ఇద్దరు పుడితే ఇద్దరినీ ఇస్తాము," అన్నాడు. లోపల్నుంచి ఇంకా గట్టి మూలుగు. వాడి మొహాన చెమట పట్టింది. "పుట్టినోళ్ళందరూ నీకేనక్కా, తెరువు!"

వీధి వీధంతా నవ్వింది. అప్పుడు తోడల్లుడు తన ఖర్జూరమూ కాని, కాకరవేపుడూ కాని మామూలు తలుపును బార్లా తెరిచి, చేతులు చాపి పిలిచాడు.

"ఎండలో ఎందుకు నిలబడినారు? మా తలుపు తెరిచే ఉంది, ఇట్ల రాండి."

బామ్మర్ది ఒక కాలు అటు తిప్పాడు. ఆ కాలిని నేను ఈ జన్మలో మరిచిపోను. నా గౌరవం, నా భార్య పెద్దరికం, మంచాల కింది తానులతో సహా మా వంశ ప్రతిష్ఠ ఆ చెప్పు కొనమీద ఊగాయి. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని పెళ్ళికూతురు చేతిలోని పండ్ల పళ్ళెం మొగుడికి అందించింది. గోరింటాకు పండిన రెండు అరచేతులూ తలుపు మీద ఆన్చి, పట్టుచీర కుచ్చిళ్ళు పాదాలతో సర్దుకుని, ఒక్క తోపు తోసింది. పనసకాయ చీల్చినట్టు చప్పుడైంది. తలుపు తెరుచుకుంది, అవతల నా భార్య గోడకు ఆనుకుంది.

ఆ అమ్మాయి చేతులు చూసుకుంది. గోరింటాకు మీద నా స్టెయిన్.

"మరుదాణి కంటే బాగా పట్టింది కదన్నా," అని నావైపు చూసి నవ్వి, కుడికాలు లోపల పెట్టింది.

మొదటి పాయసం మా ఇంట్లోనే తిన్నారు. తలుపు మీద రెండు అరచేతుల ముద్రలు, గీతలతో సహా, ఉండిపోయాయి. అవి చెరిపెయ్యమని ఎవరూ అనలేదు. స్టెయిన్ ఎప్పటికో ఆరాక అవి ఇంకా స్పష్టంగా తేలాయి. షేర్ ఆటోలు ఇప్పుడు మా వైపు ఆగుతున్నాయి. వీడియోవాడు ఆ ముద్రల్ని ఆల్బం అట్టమీద వేశాడు. వచ్చినవాళ్ళందరికీ నేను కథంతా చెప్తాను, కొంచెం పెంచి. మరదలు తమ గడప మీద నిలబడి వింటూ, మనకెందుకు లేవు ఇట్లాంటివి అన్నట్టు మొగుడివైపు చూడటం నేను చూశాను. అంతకంటే రుచైన పాయసం నేనెప్పుడూ తినలేదు.

మొన్న పొద్దున కుర్చీలో కూర్చుని పేపరు విప్పితే అక్షరాలు సరిగా కనబడలేదు. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. కాదు, కూడంలో వెలుగే తగ్గింది. లేచి చూశాను. తోడల్లుడు బనియనుతో కూర్చుని, డికాక్షన్ రంగు తలుపును ఉప్పు కాగితంతో తనే గీకుతున్నాడు. సగం తలుపు అప్పటికే బోసిపోయింది. పక్కన కొత్త డబ్బా ఉంది, దాని మూతమీద రంగు పేరు నాకు కనబడకుండా పాత పంచె కప్పాడు. కొత్తజంటను మళ్ళీ భోజనానికి పిలిచాడట, ఏ పండగా లేకుండా.

ఇన్నాళ్ళూ నా కళ్ళలో పడిన ఆ ఎండ ఇక రాదు. పేపరు చదవాలంటే పొద్దున్నే లైటు వేసుకోవాలి. అది కూడా అతను కావాలనే చేశాడు, నాకు తెలుసు.