చెవుల మేస్త్రీ షెడ్డులో నిశ్శబ్దం

ఆ షెడ్డులో ఒకటే చట్టం. మేస్త్రీ వింటున్నప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు. బండి తనదే కదా అని యజమాని కూడా మాట్లాడకూడదు.

ముప్పై ఏళ్లుగా ఆయన్ని అందరూ చెవుల మేస్త్రీ అనే పిలుస్తున్నారు. పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చుని, వీధి చివరిదాకా వెళ్లొచ్చేలోపు రోగం చెప్పేసేవాడు. పానా పట్టడం ఎవరైనా చేస్తారు, వినడం మాత్రం తన ఒక్కడి సొత్తు అని ఆయన గట్టి నమ్మకం. అందులో చిన్న లోటేమిటంటే, రెండేళ్లుగా ఆయన కుడి చెవి బొత్తిగా పనిచేయడం లేదు, ఎడమది సగమే పనిచేస్తోంది. ఈ సంగతి ఎవరికీ తెలియదనుకునేవాడు మహానుభావుడు. మూలన మిషన్ మీద సీటు కవర్లు కుట్టే భార్యకు తెలుసు. కానీ ఆవిడ్ని అడిగిందెవరు? పెళ్లయినప్పటి నుంచీ ఆ షెడ్డులో ఆయన ఆవిడ్ని అడిగినవి రెండే: మంచినీళ్లు, కత్తెర.

ఒక ఉదయం ఊరి ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ తన కారు తెచ్చింది. ముగ్గురి చేతులు మారి ఈవిడ దగ్గర తేలిన పాత బండి.

"స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటోందండీ. మధ్యలో టక్కుమని..."

"ష్!" మేస్త్రీ వేలెత్తి, కళ్లు మూసుకున్నాడు. ఆవిడ స్టీరింగ్ అటూ ఇటూ తిప్పింది. ఆయనకు వినిపించింది ఇంజిన్ మోత ఒక్కటే, అదీ పక్కింట్లోంచి వస్తున్నట్టు. అయినా పరువు గల మనిషి. పాత బండి స్టీరింగ్ మూలిగిందంటే నూటికి తొంభైసార్లు ఇంజిన్‌తో తిరిగే స్టీరింగ్ పంపే కదా!

"పంపు పోయిందమ్మా" అని తీర్పు చెప్పేశాడు.

"ఏవండీ..." అంది భార్య మిషన్ ఆపి.

"ష్!"

పంపు మారింది, ఆయిల్ మారింది, కిర్రు మాత్రం మారలేదు. మర్నాడే నర్సమ్మ మళ్లీ దిగింది.

"మీ చెవుల మీద నమ్మకంతో వచ్చాను మేస్త్రీ గారూ. మీ వల్ల కాదంటే చెప్పండి, ఇంకోచోట చూపించుకుంటాను."

ఆస్పత్రిలో సగంమంది బండ్లు ఈ షెడ్డుకే వస్తాయి. సాయంత్రానికల్లా వార్డు వార్డుకీ కబురు పాకిపోతుంది. మేస్త్రీకి నిజంగానే భయం వేసింది. చెవుల్లేని చెవుల మేస్త్రీ దగ్గరికి ఎవరొస్తారు? మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఏమీ వినపడలేదు.

ఈసారి భార్య పిలవలేదు. లేచి వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజిన్ ఆపేసింది.

"ఇప్పుడు తిప్పమ్మా" అంది. నర్సమ్మ బలమంతా పెట్టి తిప్పింది.

"ఇంజిన్ ఆగినా కిర్రుమంటూనే ఉంది. పంపు తిరగనప్పుడు పంపెలా మూలుగుతుందండీ? ఎడమ చక్రం పైనుంచి వస్తోంది. నిన్ననే చెబుదామంటే ష్ అన్నారు."

ఆయన వంగి, చక్రం వెనక చెయ్యి దూర్చి స్ప్రింగ్ పట్టుకున్నాడు. నర్సమ్మ తిప్పుతుంటే స్ప్రింగ్ కాసేపు బిగుసుకుని, ఒక్కసారిగా గెంతింది. పైన బేరింగ్ పట్టేసింది. చెవికి అందని టక్కు అరచేతికి తగిలింది.

మధ్యాహ్నానికి కొత్త బేరింగ్ పడింది. నర్సమ్మ స్టీరింగ్ పూర్తిగా తిప్పి అడిగింది.

"కిర్రు పోయినట్టేనా మేస్త్రీ గారూ?"

ఆయనకు సిగ్గుతో మెడ వంగిపోయింది.

"నాకు వినపడదమ్మా. రెండేళ్లయింది" అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "పోయిందంటావా?"

మంచినీళ్లూ కత్తెరా కాకుండా ఆవిడ్ని అడిగిన మొదటి ప్రశ్న. ఆవిడేమీ తొందరపడలేదు. కళ్లు మూసుకుని, ఆయన ముఖం ముందు వేలెత్తింది.

"ష్!"