దగ్గుకుంటూ తిరిగిన క్యాంప్ బాస్

“...గట్ల దగ్గుడు సురువు జేసిన తమ్మీ. మెట్ల కాడ ఒకపారి, వరండల ఒకపారి. జలుబు లేదు, దమ్ము లేదు, ఉత్తగనే దగ్గుడు. ‘నేనొస్తున్న, పొయ్యిలు దాసుకోండ్రి’ అని నోటితోని చెప్పరాదు గద! చెప్తే నౌకరి ఊడుతది. గందుకే దగ్గిన.”

వెంకట్రాములన్న గరిటెను గిన్నె అంచుకు కొట్టి, దానికి అంటుకున్న పుంటికూరను మళ్లీ కూరలోకే దులిపాడు. ఆదివారం మధ్యాహ్నం. దుబాయ్ జెబెల్ అలీలో, పనివాళ్లు ఉండే వాళ్ల కంపెనీ క్యాంపుకు ఉన్న ఉమ్మడి వంటగదిలో ఉన్నాం. పొయ్యిలు తక్కువ, గిన్నెలు ఎక్కువ. మా పక్క పొయ్యి మీద ఎవరివో రొట్టెలు కాలుతున్నాయి. వెనక ఇద్దరు గిన్నెలు పట్టుకుని నిలబడి, ఈయన ఎప్పుడు దించుతాడా అని చూస్తున్నారు. ఈయన మాత్రం తొందరపడడు. మాట్లాడేటప్పుడు మంట కొంచెం తగ్గిస్తాడు కూడా.

నేను నైఫ్ బజారులో ఒక కుట్టు దుకాణంలో పనిచేస్తాను. ఒకసారి ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చి, పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని, తన ఊరు, తన రూము, రూములో వాళ్ల అలవాట్లు అన్నీ చెప్పిన మనిషి ఈయన. అప్పటినుంచి సెలవు దొరికిన ఆదివారాల్లో నేనే బస్సెక్కి వస్తున్నాను. మధ్యలో కొన్ని నెలలు రావద్దన్నాడు. ఫోన్ చేస్తే “జర పనున్నది తమ్మీ” అని పెట్టేసేవాడు. ఆ నెలల్లో ఏం జరిగిందో ఇవాళ చెబుతున్నాడు.

ఊరు జగిత్యాల దగ్గర. పని షట్టరింగ్. అంటే కాంక్రీటు పోసే ముందు చెక్క పలకలతో అచ్చు కట్టి బిగించడం. దుబాయ్‌లో ఎన్నో స్తంభాలకు అచ్చు కట్టిన చేతులు. మోకాళ్లు మాత్రం మొరాయించాయి. నిచ్చెన ఎక్కితే దిగడానికి మనసు రాదు, దిగితే ఎక్కడానికి కాళ్లు రావు. అది చూసి ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, పిలిచి క్యాంప్ బాస్ పని ఇస్తానన్నాడు. మూడు నెలలు చూద్దాం, నచ్చితే పక్కా చేస్తా, నీ పాత జాగాలో వేరే మనిషిని పెట్టుకుంటా అన్నాడు.

“ఎవలన్న వద్దంటరా? గేటు పక్కన ఒంటి మంచం రూం. ఏసీ బటన్ నా చేతుల. చిన్న ఫ్రిజ్. తాళం చేతుల గుత్తి నడుముకు కట్టుకొని నడుస్తుంటే గల్లుగల్లు మంటది. మా కరుణకు ఫోన్ జేసి చెప్పిన. అది బీడీల కార్ఖాన కాడ అందరికి చెప్పింది. ‘మా ఆయన బాసయిండు’ అని. బిడ్డ అత్తగారింటికి సుత చెప్పింది. అల్లుడు నాకు ఫోన్ జేసి ‘మామా, నమస్తే’ అన్నడు. ఆరు నెలల నుంచి నమస్తే వెట్టనోడు!”

క్యాంప్ బాస్ పనేమిటంటే, ఎవరి మంచం ఎవరిదో చూడాలి, కొట్లాటలు తీర్చాలి, నీళ్లు కరెంటు చూసుకోవాలి. అన్నిటికంటే పెద్ద పని సాయంత్రం రౌండు. రూముల్లో ఎవరూ వండకూడదు. కరెంటు పొయ్యి కనిపిస్తే పట్టుకుని ఆఫీసులో అప్పజెప్పాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. వంటగదిలో వరుస దొరకక మన వాళ్లందరూ రూముల్లోనే వండుకుంటారు. పైగా వెంకట్రాములన్న అంతవరకూ ఉన్న రూములో ఒక పద్ధతి ఉంది. వంతులవారీగా వంట. వండినవాడు గిన్నెలు తోమడు. అందరి ప్లేట్లూ నేల మీద పరిచాకే ముద్ద ఎత్తాలి. ఎవడైనా డ్యూటీ నుంచి ఆలస్యమైతే వాడి ప్లేటు ఖాళీగా అక్కడే ఉంటుంది, మిగతావాళ్లు చల్లారుతున్న అన్నం చూస్తూ వాణ్ని తిట్టుకుంటూ కూర్చుంటారు. ఆ రూములో కరెంటు పొయ్యి దాచే చోట్లన్నీ ఈయన కనిపెట్టినవే.

“ఫాల్స్ సీలింగ్ పలక లేపి అండ్ల వెట్టుడు నేనే నేర్పిన. బాత్రూం బకెట్ల బోర్లిచ్చుడు నేనే నేర్పిన. ఇగ నేనే వోయి వట్టుకోవాలె! దొంగతనం నేర్పినోనికే పోలీస్ నౌకరి ఇచ్చినట్టయింది నా కథ.”

“మరి పట్టుకున్నావా అన్నా?” అన్నాను.

“మొదటి వారం నేపాల్ పోరగాళ్ల కాడ ఒకటి వట్టుకున్న. తెచ్చి ఆఫీసుల వెట్టిన. వాళ్లేమనలే. నేను బయటికొచ్చి చూస్తె, మెట్ల మీద గూసొని ఉత్త బ్రెడ్డు తింటున్నరు తమ్మీ. నన్ను చూసి జరిగి తోవ ఇచ్చిండ్రు. తిట్టినా బాగుండు.”

వెనక నిలబడ్డ మనిషి హిందీలో “భాయ్, ఔర్ కిత్నా?” అన్నాడు. “బస్, పాంచ్ మినిట్” అని ఈయన మంట ఇంకొంచెం తగ్గించాడు.

“రూలు తప్పు గాదు,” అన్నాడు నా వైపు తిరిగి. “వైర్లు పాతయి. ఒక్కొక్క రూంల పది మంది. కాలితే ఏం గావాలె? రూలు మంచిదే. నా అసొంటోని చేతుల వెట్టుడే తప్పయింది.”

అప్పటినుంచే దగ్గు మొదలైంది. దగ్గగానే వరండా పొడవునా తలుపుల వెనక గిన్నెల చప్పుడు, మంచాలు జరిపే చప్పుడు, కిటికీలు తెరిచే చప్పుడు. ఈయన వెళ్లేసరికి అందరూ సెల్‌ఫోన్లు చూస్తూ ఉంటారు. పోపు వాసన మాత్రం గది నిండా ఉంటుంది. “ఏం లేదు గద?” అని ఈయన అడుగుతాడు. “ఏం లేదు సార్,” అని వాళ్లంటారు.

“సార్ అన్నరు! మా రత్నాకర్‌గాడు. పదేండ్ల సంది ఒక్క సబ్బుతోని తానం జేసినోళ్లం. నేను తలుపు తీస్తె, ‘లేవుండ్రి లేవుండ్రి, బాస్ సాబ్ వచ్చిండు’ అని మంచం దిగి నిలవడ్డడు. నవ్వుకుంటనే అన్నడు, గని నవ్వుతలేడు. నువ్వు అర్థం జేసుకోవాలె.”

“తినడానికి పిలిచేవాళ్లు కాదా?”

“ఎట్ల పిలుస్తరు? తిన్నంక వాళ్ల పొయ్యి ఎట్ల వడ్తవు? వట్టుకున్నంక వాళ్ల కాడ ఎట్ల తింటవు? వాళ్లు పిలువలే, నేను పోలే. కంపెనీ ఇచ్చే అన్నం డబ్బా తెచ్చుకొని నా ఒంటి మంచం మీద గూసొని తింటుంటి. ఎవలన్న అడిగితె, తిన్న అంటుంటి. నీకు గూడ రావద్దన్న. వస్తె ఏడ గూసోవెడ్త?”

మూడు నెలలు దగ్గరపడ్డాయి. ముదీర్ ఎదురుపడ్డప్పుడల్లా “ఆల్ గుడ్, వెంకట్?” అనేవాడు. ఈయన తలూపేవాడు. వద్దంటే ఏమవుతుందో తెలియదు. పాత జాగాకు పోదామంటే మోకాళ్లు లేవు. “బాస్ పని చేతగాదు, నిచ్చెన ఎక్కరాదు, ఇగ నీతోని ఏం పని? ఖలాస్” అని ఇంటికి పంపిస్తే ఊళ్లో ఏ మొహం పెట్టుకుని దిగాలి? కరుణ కార్ఖానాలో ఏమని చెప్పుకోవాలి? అవునంటే ఇక మిగిలిన దుబాయ్ బతుకంతా ఆ డబ్బా, ఆ ఒంటి మంచం, ఆ దగ్గు. ఏదీ తేల్చుకోలేక రోజులు నెట్టాడు.

తేల్చింది పీరా సూట్‌కేసు.

పీరా నంద్యాల వైపు కుర్రవాడు, ఆ రూములో అందరికంటే చివర చేరినవాడు. ఆ సాయంత్రం వంట వంతు అతనిది. ఈయన మామూలుగానే మెట్ల దగ్గర దగ్గాడు, వరండాలో తలుపు దాకా వచ్చాక ఇంకోసారి దగ్గాడు. రూములోకి వెళ్లాడు. అందరూ బుద్ధిమంతుల్లా ఉన్నారు. పీరా మాత్రం మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు. ఈయన తిరిగి వచ్చేస్తూ ఉండగా ఏదో కాలిన వాసన.

“పోపు వాసన నాకు తెల్వదా? ఇది గది గాదు. బట్ట కాలుతున్న వాసన. వెనుకకు తిరిగి చూస్తె మంచం కింది నుంచి పొగ! నేను వంగి గుంజిన. సూట్‌కేసు. జిప్పు తీసిన. లోపల పొయ్యి. ఎర్రగ ఉన్నది ఇంక. నేను దగ్గంగనే ప్లగ్గు వీకి, ఆరనియ్యకుంటనే పెట్టెల వెట్టి జిప్పు వెట్టిండు! రత్నాకర్ బకెట్ దెచ్చి గుమ్మరిచ్చిండు. పెట్టెల పీరా తన బిడ్డకు కొన్న గౌను సగం కాలింది.”

“పీరా ఏమన్నాడు?”

“‘నువ్వు దగ్గినావని పెట్టినా గదన్నా!’ అన్నడు. ఏడుపు మొఖం వెట్టుకొని. ‘ఎప్పుడూ రెండుసార్లు దగ్గుతావు, ఈపొద్దు రెండోది యాడ దగ్గినావు, తలుపు కాన్నే దగ్గితివి, యాడ టైమున్నెది?’ అని నన్నే తిట్టవట్టిండు. అగో, గప్పుడు సమజైంది నాకు. గట్టిగుండుడు నాతోని గాదు. మెత్తగుంటె కాలవడ్తది. నడిమిట్ల దగ్గుకుంట తిరిగితె మొత్తానికే కొంప గాలుతది. గీ పని నాది గాదు తమ్మీ. ఒప్పుకొని బయట వడాలె.”

అప్పుడే, ఆ తడిసిన బట్టల మధ్యే, రత్నాకర్ “గిప్పుడన్న గూసో రాదుర” అన్నాడట. సార్ అనలేదు. అది విని ఈయన కాసేపు కూర్చుని వచ్చేశాడు.

ముందు కరుణకు ఫోన్ చేశాడు. ఎలా చెప్పాలో తెలియక మంటల సంగతి చెప్పాడు, మోకాళ్ల సంగతి చెప్పాడు, చివరికి బాస్ పని వద్దనుకుంటున్నానని చెప్పాడు. అవతల నుంచి నవ్వు.

“ఎందుకు నవ్వినవే అంటె, ‘ఏమయ్యా, కోడి ఇంట్లకొస్తె నువ్వు ఛీ అని గట్టిగ అనవు. నీకు ముప్పై రూముల మీద పెత్తనం ఎవడిచ్చిండని నేను మొదటి దినమే అనుకున్న’ అన్నది. మరి గప్పుడు చెప్పకపోతివి అంటె, ‘నువ్వు సంబురపడ్తున్నవు, ఎందుకు చెడగొట్టాలె’ అన్నది. మరి కార్ఖాన కాడ ఏం చెప్తవు అన్న. ‘నేను చెప్పుకుంట తీ, నీకెందుకు. అల్లునికి మాత్రం చెప్పను, ఇంకన్ని దినాలు నమస్తే వెట్టనీ’ అన్నది.”

చెబుతూ చెబుతూ ఆయనే గట్టిగా నవ్వాడు. రొట్టెలు కాల్చుకుంటున్న మనిషి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే ముదీర్ ఆఫీసుకు వెళ్లాడు. ముదీర్ ఈజిప్టు మనిషి, హిందీ బాగా మాట్లాడతాడు. ఈయన కూర్చోకుండా నిలబడే, సూట్‌కేసు కాలిన సంగతి మొత్తం చెప్పాడు. తన దగ్గు సంగతీ చెప్పాడు. పొయ్యి తెచ్చి బల్ల మీద పెట్టాడు, తాళాల గుత్తి దాని పక్కన పెట్టాడు.

“ఏమన్నాడన్నా?”

“పొయ్యిని అటిటు తిప్పి చూసిండు. ఇగ అయిపాయె, టికెట్ గొడ్తడు అనుకున్న. తలకాయ లేపి, ‘వెంకట్, నీ దగ్గు నా ఆఫీసు దాక వినవడ్తది. డాక్టర్ కాడికి తోలుదామనుకున్న’ అన్నడు! తర్వాత గట్టిగనే తిట్టిండు. మంట సంగతి గద, తిట్టాలె. తిట్టుడు అయినంక, ‘మరి ఏం పని జేస్తవు?’ అన్నడు. చెక్క పని తప్ప నాకేం వస్తది ముదీర్ అన్న. యార్డుల షెడ్డు ఉన్నది గద, సైటు నుంచి వచ్చిన పలకల మేకులు పీకి, విరిగినయి బాగుచేసేటి కాడ. ఆడ స్టూల్ ఏసుకొని గూసోవచ్చు. ‘యల్లా, ఆడికి పో’ అన్నడు. గంతే! మూడు నెలలు నిద్ర వట్టకపాయె, ముచ్చట గంతల అయిపాయె.”

ఊరికే అయిపోలేదు. జీతం మళ్లీ పాతదే అయింది. ఫ్రిజ్ పోయింది. పీరా గురక పెడతాడు. ఏసీ బటను రత్నాకర్ చేతిలో ఉంది, వాడికి ఎప్పుడూ చలే. వంటగదిలో పొయ్యిలు పెంచమని ముదీర్‌కు చెప్పాడట. చూస్తానన్నాడట. ఇంకా చూస్తూనే ఉన్నాడు. కానీ యార్డులో పని ముందుగా అయిపోతుంది కాబట్టి, రూము మొత్తానికి వరుసలో నిలబడి ఇక్కడే వండే బాధ్యత వెంకట్రాములన్న తీసుకున్నాడు. వంతులు పోయాయి. రోజూ ఈయనే. గిన్నెలు తోమడం మాత్రం పీరాది, సూట్‌కేసు కాల్చినందుకు శిక్షేం కాదు, ఊరికే.

“ఇప్పుడు ఎట్లా ఉందన్నా?” అన్నాను. ఆ మాట అడగనవసరం లేదు. ఈ ఆదివారం ఆయన భుజాలు బిగువు వదిలి ఉన్నాయి. కుర్చీ లేని చోట కూడా కూర్చున్నంత తీరిగ్గా నిలబడ్డాడు.

“నిద్ర వడ్తున్నది,” అన్నాడు.

కూర దించాడు. వెనకనున్న మనిషి “షుక్రియా భాయ్” అని గిన్నె పెట్టేశాడు. వెంకట్రాములన్న కూర గిన్నెను తువ్వాలుతో పట్టుకుని నాలుగడుగులు వేసి, గేటు వైపు చూసి ఆగాడు.

“ఇప్పుడు బాస్ సనావుల్లా. మదనపల్లె దిక్కాయన. ఆ పనికి పుట్టిండు తమ్మీ. దగ్గడు, సప్పుడు జెయ్యడు, తలుపు తడ్తడు, పొయ్యి వట్టుకుంటడు, సలాం వెట్టి పోతడు. ఎవనితోని పగ లేదు. ఆయనొచ్చినంక ఒక్క రూంల పొయ్యి లేదు. గని ఎవలు పిలుస్తలేరు. ఆయన గూడ ఆ మంచం మీదనే డబ్బా తింటడు, నాకెర్క.” గిన్నెను నా వైపు కొంచెం వంచి చూపించాడు. “ఇది వంటగదిల వండిన కూర. ఆయన వట్టుకునేటిది గాదు, మనం దాసేటిది గాదు. నువ్వు బయటి మనిషివి, నువ్వయితె బాగుంటది. జర పోయి ఆయన తలుపు కొట్టు. ప్లేట్లు పరుస్తున్నం రమ్మను. ‘తిన్న’ అంటడు. నమ్మకు. ఆయన ప్లేటు ఆయననే వట్టుకొని రమ్మని, నువ్వే ఎంబడివెట్టుకొని తోల్కరా.”