భీమడోలు దాటేదాకా

తెల్లవారుజామున పుష్పలత పూతరేకుల డబ్బా మూత తీసిన చప్పుడుకే ఆమె భర్త శామ్యూల్‌కు మెలకువ వచ్చేది. స్టీలు డబ్బా, బిగుతు మూత. చెంచా కాడ పెట్టి లేపితే టప్పుమని ఊడేది. ఆ శబ్దం వినబడిందంటే ఏలూరు పవర్‌పేటలోని ఆ ఇంట్లో నవల రాయడం మొదలైందని లెక్క.

పుష్పలతకు నలభై తొమ్మిదేళ్ళు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు. పొద్దున్న ఏలూరులో పాసింజరు రైలెక్కి వెళ్తుంది, దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తుంది. పరీక్షలప్పుడు ఏ గదిలో ఎవరు కూర్చోవాలో, ఏ లెక్చరరు ఏ పూట డ్యూటీ చెయ్యాలో ఇరవై ఏళ్ళుగా ఆమే నిర్ణయిస్తోంది. ఆమె వేసిన టైంటేబులు మార్చమని అడిగే ధైర్యం ప్రిన్సిపాలుకు కూడా లేదు. జనవరిలో నవలకు కూడా అలాంటి టైంటేబులే వేసుకుంది. నెలకో అధ్యాయం, డిసెంబరుకు పన్నెండు. విజయవాడలో పుస్తకాలు వేసే ఒకాయన ఆమె కథలు చదివి, ఏడాది చివరికి నవల చేతికిస్తే వేస్తానన్నాడు. ఇస్తానని పుష్పలత వెంటనే చెప్పేసింది. ఆమెకు తన మీద నమ్మకం ఎప్పుడూ కాస్త ఎక్కువే.

కథ కలిదిండి వైపుది. పుష్పలత పుట్టిల్లు అక్కడే. సలోమి అనే ఆవిడ, భర్త పోయాక, కౌలు రొయ్యల చెరువును ఒంటిచేత్తో ఎలా నెట్టుకొచ్చిందన్నది విషయం. పుష్పలతకు తెలిసిన మనుషులు, తెలిసిన గట్లు. రాత బాగానే సాగుతోంది. ఒక్కటే అలవాటు, వాక్యం ఆగిందంటే చెయ్యి డబ్బాలోకి పోతుంది. పూతరేకు నోట్లో కరిగేలోపు వాక్యం కదులుతుంది.

ఫిబ్రవరిలో కాలేజీలో పెట్టిన వైద్య శిబిరంలో ఆమెకు షుగరుందని తేలింది. ఏలూరులో డాక్టర్ వీరేంద్ర దగ్గరికి వెళ్తే మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష చేయించాడు. ఎనిమిది వచ్చింది. ఒక మాత్ర రాసి, పొద్దున్నే ముప్పావుగంట నడవమని, స్వీట్లు మానమని చెప్పాడు.

పుష్పలత కంగారు పడలేదు. ఇదీ టైంటేబులు పనే అనుకుంది. ఒక రోజు రాత, ఒక రోజు నడక. కాగితం మీద చక్కగా కుదిరింది. మనిషికే కుదరలేదు. నడిచిన మర్నాడు రాతకు కూర్చుంటే, రెండు రోజుల కిందట సలోమిని ఎక్కడ వదిలిపెట్టిందో గుర్తు తెచ్చుకోవడానికే సగం పొద్దు పోయేది. మార్చిలో పరీక్షలొచ్చాయి. నడక వారానికి రెండు రోజులకు, తర్వాత ఆదివారం చర్చికి నడిచి వెళ్ళడానికి దిగింది.

తిండి విషయంలో మాత్రం తను నెగ్గినట్టే అనుకుంది. రైల్లో రోజూ కలిసి వెళ్ళే స్నేహితురాలు మంగతాయారు దానికి దారి చూపించింది. మంగతాయారు కూడా తాడేపల్లిగూడెంలోనే స్కూలు టీచరు. పుష్పలత కంటే ఎనిమిదేళ్ళు పెద్ద.

"పంచదారవి మానేయండి పుష్పలత గారూ. బెల్లం పూతరేకులు తినండి. మా వదినగారికీ షుగరే. ఆవిడ బెల్లమే వాడతారు" అంది.

పంచదార ఇంట్లోకి రావడం ఆగిపోయింది. డబ్బాలోకి బెల్లం పూతరేకులు వచ్చాయి. జీడిపప్పు వేసినవి, నెయ్యి కారేవి. పుష్పలత నిశ్చింతగా తింది. మే నెలలో పరీక్ష చేయిస్తే ఎనిమిదీ పాయింట్ నాలుగు వచ్చింది.

వీరేంద్ర రిపోర్టు రెండుసార్లు చూశాడు. "స్వీట్లు మానేశారా అండీ?"

"ఎప్పుడో మానేశానండి. పంచదార వాసన కూడా చూడట్లేదు."

"మరి ఏం తింటున్నారు?"

"బెల్లం పూతరేకులండి. రాసుకునేటప్పుడు రెండు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "రోజుకి రెండా?"

"పేజీకి రెండు."

"రోజుకి ఎన్ని పేజీలు రాస్తారు?"

ఇది మాత్రం పుష్పలత కొంచెం గర్వంగానే చెప్పింది. "బాగా సాగితే నాలుగండి."

"అయితే మీ రాత సాగకపోతేనే మీ ఒంటికి మంచిదన్నమాట" అన్నాడు వీరేంద్ర. "చూడండమ్మా. బెల్లం పొయ్యి మీద ఉన్నప్పుడే బెల్లం. లోపలికి వెళ్ళాక పంచదారే. ఇంకో మాత్ర కలుపుతున్నాను. ఆగస్టులో కూడా ఇలాగే ఉంటే ఇన్సులిన్ సంగతి మాట్లాడుకోవాలి."

శామ్యూల్ విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరు. ఎక్కడ లోడు ఎక్కువైందో చూసి ఆ లైను కట్ చెయ్యడం అతని వృత్తి. ఇంటికొచ్చాక అదే చేశాడు.

"రాత ఆపెయ్యి పుష్పా. ఈ ఏడాదికి."

"రాతకీ దీనికీ సంబంధం ఏంటండీ?"

"రాస్తేనేగా తింటున్నావు. ఊరికే కూర్చున్నప్పుడు ఆ డబ్బా ముట్టుకోవు. నేను చూస్తూనే ఉన్నాను."

కాదనడానికి లేదు. పుష్పలత కాసేపు ఆలోచించి, భర్త అడగకముందే తనే ఒక గీత గీసింది. "ఆగస్టులో ఏడున్నర లోపు వస్తే మీరు ఇంక నవల మాట ఎత్తకూడదు. దాటితే నేనే కట్టగట్టి అటక మీద పడేస్తాను. వచ్చే ఏడు చూసుకుంటాను."

"ఏడున్నరా?" శామ్యూల్ నవ్వాడు. "ఎనిమిది లోపు అను చాలు. మాటిచ్చి ఇరుక్కుంటావు."

"ఏడున్నరేనండి."

వచ్చే ఏడు అన్నదే గానీ, అటకెక్కినవి దిగిరావని ఆమెకు తెలుసు. కాలేజీ ఆఫీసు అటక నిండా అలాంటివే. విజయవాడ ఆయన కూడా ఏడాదంతా కాసుకు కూర్చోడు. అప్పటికి అయిన అధ్యాయాలు నాలుగు. ఐదోది సగంలో ఉంది.

మర్నాటి నుంచి తెల్లవారుజాము మొత్తం నడకకిచ్చేసింది. శామ్యూల్ కూడా వెంట బయలుదేరాడు, తన పొట్ట సంగతి తనకూ తెలుసు కాబట్టి. ఇద్దరూ కాలువ గట్టు మీద నడిచేవారు. మొదటి వారం పుష్పలత కల్వర్టు కనిపించినప్పుడల్లా కూలబడింది. తర్వాత కూర్చోవడం మరిచిపోయింది. కారణం సలోమి. నడుస్తూ నడుస్తూ రాయబోయే సన్నివేశం భర్తకు చెప్పడం మొదలుపెట్టింది. శామ్యూల్ నవలలు చదవడు గానీ కరెంటు విషయంలో మాత్రం ఊరుకోడు.

"చెరువు దగ్గర కరెంటు పోయింది, ఆవిడ కూర్చుని ఏడ్చింది అంటావేంటి? ఏరేటర్లు ఆగితే నీళ్ళలో గాలి అందక రొయ్య ఎంతసేపు ఉంటుందనుకున్నావు? ఏడవడానికి టైం ఎక్కడుంది? జనరేటరు దగ్గరికి పరిగెత్తాలి."

"పరిగెత్తిస్తాన్లెండి."

"డీజిలు ఉందో లేదో కూడా రాయి."

పొద్దు నడకకు పోయింది. మరి రాయడం ఎప్పుడు? సాయంత్రం వంటయ్యాక కూర్చుంటే కళ్ళు వాలిపోతున్నాయి. ఆఫీసులో కుదరదు. మిగిలింది రైలు. ఏలూరు నుంచి గూడెం దాకా కిటికీ పక్క సీటు, ఒళ్ళో అట్ట, చేతిలో పెన్ను. అంతకంటే ఏం కావాలి అనుకుంది పుష్పలత.

కానీ ఆమె రోజూ ఎక్కే లేడీస్ పెట్టెకు ఒక ఆచారం ఉంది. అక్కడ కూర్చునే సీజన్ టికెట్ల వాళ్ళెవరూ ఇంట్లో టిఫిన్ తినరు. టీచర్లు, బ్యాంకు వాళ్ళు, ఒక నర్సు, అందరూ క్యారేజీలు తెచ్చుకుంటారు. బండి కదలగానే మూతలు లేస్తాయి. ఒకరి పూరీ ఒకరికి, ఒకరి పులిహోర ఇంకొకరికి. ఎవరి డబ్బాలోది వాళ్ళే తినడం మర్యాద కాదు. వద్దనడం అంతకన్నా మర్యాద కాదు. గోదావరి జిల్లాల్లో చేబదులు అడిగితే లేదనొచ్చు గానీ, పెడుతుంటే వద్దనకూడదు.

పుష్పలత మొదటి రోజు అట్ట తీసి ఒళ్ళో పెట్టుకోగానే మంగతాయారు దాని మీద బొబ్బట్టు పెట్టింది. కాగితానికి నెయ్యి అంటుకుంది.

"ముందు తినండి. రాతెక్కడికి పోతుంది?"

"నాకొద్దండి. డాక్టరు గారు బెల్లం కూడా వద్దన్నారు."

"బెల్లమా?" మంగతాయారు నొచ్చుకుంది. "మా వదినగారు తింటారండీ."

"ఆవిడకి ఇప్పుడు ఎంతుందండీ?"

"ఆవిడ ఎప్పుడూ చూపించుకోరుగా."

ఎవరూ నవ్వలేదు. దెందులూరు వచ్చేదాకా ఆ పెట్టెలో చెంచాల చప్పుడు తప్ప మాట లేదు. మర్నాడూ అంతే. మూడో రోజు పుష్పలతకు అర్థమైంది, ఇలాగైతే రాత మిగులుతుందేమో గానీ మనుషులు మిగలరని. పన్నెండేళ్ళ రైలు స్నేహాలు అవి.

ఆ చిక్కు విప్పింది సుప్రియ. గూడెంలో బ్యాంకు క్లర్కు, ముప్పై దాటని పిల్ల, నోరు కాస్త వాడి. పుష్పలత రాసి పక్కన పెట్టిన కాగితాలు అడక్కుండానే తీసుకుని చదివింది. చదివి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"పుష్పలత గారూ, ఒకటి అడగనా? ఈ సలోమికి ఆకలి జబ్బేమైనా ఉందా?"

"అదేంటమ్మా?"

"మొదటి పేజీలో చేపల పులుసు తింది. రెండో పేజీలో బొబ్బట్లు. ఇక్కడ చూడండి, చెరువు గట్టు తెగుతుంటే కూడా కాజా నములుతోంది. మీరు మానేసినవన్నీ పాపం ఆవిడ తింటోంది."

ఈసారి పెట్టె మొత్తం నవ్వింది. అందరికంటే ఎక్కువ పుష్పలతే నవ్వింది. ఆమె ఆ సంగతి గమనించనే లేదు. మంగతాయారు చెయ్యి తుడుచుకుని, "ఏదమ్మా, గట్టు తెగే చోటు గట్టిగా చదువు" అంది. సుప్రియ చదివింది. గూడెం ప్లాట్‌ఫారం మీద దిగాక కూడా మంగతాయారు అడుగుతూనే ఉంది, గట్టు తెగాక ఏమైందని.

"రాస్తేనే కదండీ తెలిసేది. మీరు రాయనిస్తేగా."

ఆ సాయంత్రం తిరుగు రైల్లో ఒప్పందం కుదిరింది. ఏలూరు నుంచి భీమడోలు దాటేదాకా ఎవరూ పుష్పలతను పలకరించకూడదు, డబ్బా చూపించకూడదు. ఆమె ఫోను సుప్రియ బ్యాగులో ఉంటుంది. భీమడోలు దాటాక మూతలు తీయొచ్చు. అప్పుడు ఆ రోజు పేజీ చదవాలి. మంగతాయారు ఒక్క షరతు పెట్టింది.

"మీరూ ఏదో ఒకటి తినాలి. మేం తింటుంటే మీరు ఊరికే చూస్తే మాకు దిష్టి తగులుతుంది."

"ఉడకబెట్టిన శనగలు తెచ్చుకుంటానండి."

"మీరు తేవద్దు. నేను తెస్తాను."

జూన్ నుంచి అలాగే నడిచింది. మంగతాయారు రోజూ ఒక చిన్న డబ్బా వేరుగా తెచ్చేది. శనగలు, ఒక రోజు మొలకలు, ఇంకో రోజు నూనె లేని పెసరట్టు. మొలకల్లో కొబ్బరి కాస్త ఎక్కువ పడేది, కానీ పుష్పలత పేచీ పెట్టలేదు. ఇంట్లో స్టీలు డబ్బాను శామ్యూల్ తీసుకుని ఫ్యూజు వైర్లు వేసుకున్నాడు.

ఐదో అధ్యాయం జూన్ మొదట్లోనే అయిపోయింది, ఆరోది నెలాఖరుకు. జూలైలో పట్టాల పనులని పాసింజరు ఆపేశారు. బస్సులో నిలబడి వెళ్ళాలి. పెన్ను పట్టడానికి లేదు, వినేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో ఒకసారి గూడెం బస్టాండు దగ్గర ఆగి బెల్లం పూతరేకు ఒకటి కొని, అక్కడే నిలబడి తినేసింది. ఆ సాయంత్రమే శామ్యూల్‌కు చెప్పింది.

"ఒకటేనా?"

"ఒకటేనండి. పేజీ కూడా రాయలేదు."

నడక మాత్రం ఆపలేదు. వాన పడితే గొడుగేసుకుని వెళ్ళింది. రైలు మళ్ళీ వచ్చేసరికి అధ్యాయం వెనకబడింది. ఏడోది ఆగస్టు చివరికి గానీ పూర్తి కాలేదు. ఎనిమిది ఉండవలసిన చోట ఏడే ఉన్నాయి. తన టైంటేబులు తప్పడం పుష్పలతకు కొత్త. దాని గురించి రెండు రోజులు విసుక్కుంది. తర్వాత సెప్టెంబరు గడి కొట్టేసి కొత్తగా వేసుకుంది.

ఆగస్టు ఆఖరి రోజున రక్తం ఇచ్చింది. మర్నాడు రిపోర్టు ఆమె ఫోనుకీ శామ్యూల్ ఫోనుకీ వస్తుందన్నారు. ఆ పొద్దున రైల్లో ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు. పుష్పలత ఎనిమిదో అధ్యాయం మొదటి పేజీ మొదలుపెట్టింది. దెందులూరు దాటాక సుప్రియ బ్యాగులో ఫోను మోగి ఆగింది. మళ్ళీ మోగింది. సుప్రియ తీసి చూసింది. మంగతాయారు కళ్ళతోనే అడిగింది. సుప్రియ తల అడ్డంగా ఊపింది. చెప్పను అని. మంగతాయారు అది ఇంకోలా అర్థం చేసుకుని, ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది.

పుష్పలత తలెత్తలేదు. ఫోను మోగడం ఆమె వింది. చేసింది శామ్యూలేనని, అతనికి రిపోర్టు తెలిసిందని కూడా తెలుసు. చేతిలో వాక్యం సగంలో ఉంది. ఏడున్నర దాటి ఉంటే ఇదే చివరి పేజీ. అయితే మాత్రం సగంలో వదిలెయ్యడం దేనికి అనుకుంది. పూర్తి చేసింది. దాని కింద ఇంకొకటి రాసింది. భీమడోలు స్టేషను వెనక్కి పోయాక పెన్నుకు మూత పెట్టి చెయ్యి చాపింది.

"ఇవ్వమ్మా."

సుప్రియ ఫోను ఇచ్చింది. ఏడూ పాయింట్ రెండు.

పుష్పలత ఆ అంకె మంగతాయారుకు చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, సుప్రియ భుజం మీద ఒకటి వేసింది. "తల అలా ఊపుతావేంటే, ప్రాణం తీశావు."

"రూలు మనందరం పెట్టుకున్నదేగా పెద్దమ్మా."

పుష్పలత శామ్యూల్‌కు ఫోను చేసింది. "చూశారా?"

"ఎప్పుడో చూశాను. ఎత్తవేం?"

"రాసుకుంటున్నానండి."

"సరే. రాసుకో" అన్నాడు. "ఆ జనరేటరులో డీజిలు సంగతి మరిచిపోకు."

మంగతాయారు శనగల డబ్బా మూత తీసింది. పుష్పలత కాగితం అందుకుని ఎనిమిదో అధ్యాయం మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. డిసెంబరు లోపు ఇంకా ఐదు అధ్యాయాలు రాయాలి.