ఇంజను వేడెక్కేదాకా

చలికాలం వస్తే ఒరెస్ట్ జబొలోట్నీకి కాలు నిలవదు. నేల బిగుసుకుపోయిన రోజు మొదలు మళ్ళీ బురద తేలేదాకా అతని ధ్యాసంతా షెడ్డులో ఉన్న ట్రాక్టర్ మీదే. భోంచేస్తూ మధ్యలో లేస్తాడు. టీవీలో హాకీ చూస్తూ లేస్తాడు. కోటు తగిలించుకుని వెళ్ళి, చేతి తొడుగు తీసి, ఇంజను మీద అరచెయ్యి ఆనించి చూసి వస్తాడు. వెచ్చగా తగిలితే కాసేపు మనిషి స్థిమితంగా ఉంటాడు.

"నన్ను కాదు, ఆ ట్రాక్టర్‌నే చేసుకోవాల్సింది నువ్వు," అంటుంది భార్య డోరీన్. "ఇన్నేళ్ళలో నా చెయ్యి చల్లగా ఉందో లేదో ఒక్కసారైనా పట్టుకు చూశావా?"

"నీకు ప్లగ్గు లేదుగా," అంటాడు ఒరెస్ట్.

కెనడాలోని మానిటోబాలో ఆ వైపు ఇళ్ళన్నిటికీ ప్లగ్గుల గోల మామూలే. కారు ముందు నుంచి, ట్రక్కు ముందు నుంచి, ట్రాక్టర్ ముందు నుంచి ఒక్కో తీగ నాలుకలా వేలాడుతుంటుంది. దాన్ని గోడలోని కరెంటు సాకెట్‌కి గుచ్చితే ఇంజను కడుపులో ఉన్న హీటరు అక్కడి నీళ్ళని కాచి ఇనుముని మెత్తగా వెచ్చబెడుతుంది. గుచ్చడం మర్చిపోయినవాడు తెల్లారి లేచి నడవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. అందరూ గుచ్చుతారు, గుచ్చి నిద్రపోతారు. ఒరెస్ట్‌కి మాత్రం నిద్రపట్టదు.

అతని చిన్నతనంలో వాళ్ళ పొలానికి కరెంటు ఉండేది కాదు. తండ్రి పొద్దున్నే పొయ్యిలో నిప్పులు పళ్ళెంలోకి ఎత్తి ట్రాక్టర్ కింద పెట్టేవాడు. పైన పాత దుప్పటి కప్పేవాడు. ఓ రోజు ఆ దుప్పటి అంచు నిప్పుల్లో పడింది. ట్రాక్టర్ పోయింది, షెడ్డు పోయింది. ట్రాక్టర్‌ని బయటికి లాగబోయి కాలిన తండ్రి చేతులు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. ఆ తర్వాత వాళ్ళమ్మే ఆయన చొక్కా గుండీలు పెట్టేది. ఒరెస్ట్ ఆ సంగతి ఎక్కడా ఎత్తడు. ఎత్తకపోయినా ఎవరికీ తెలియనిది కాదు.

విన్నిపెగ్‌లో ఉండే కూతురు తాన్యా క్రిస్మస్‌కి వచ్చినప్పుడు తండ్రి అవస్థ చూసి ఒక టైమరు కొనిపెట్టింది. "రాత్రంతా అది కాగక్కర్లేదు నాన్నా. నువ్వు లేచే ముందు నాలుగు గంటలు చాలు. అదే వెలుగుతుంది, అదే ఆరుతుంది. నువ్వు పడుకో," అని చెప్పి, షెడ్డులో తనే బిగించి వెళ్ళింది. మొదటి వారం ఒరెస్ట్ టైమరు వెలిగిందో లేదో చూడటానికి లేచాడు. డోరీన్ నవ్వీ నవ్వీ విసుగెత్తి, చివరికి అతని బూట్లు దాచేసింది. జనవరి వచ్చేసరికి అతనూ పడుకోవడం నేర్చుకున్నాడు.

అలా పడుకున్న ఓ రాత్రే గాలివాన లాంటి మంచు కురిసి, కరెంటు పోయి, మళ్ళీ వచ్చింది. ఇంట్లో ఎవరికీ మెలకువ రాలేదు. కరెంటు లేనంతసేపూ టైమరు ముల్లు కూడా ఆగిపోయింది.

పొద్దున కాఫీ పొయ్యి మీద ఉండగా ఫోను మోగింది. పాత సిడోర్‌చుక్ ఇంట్లో అద్దెకుంటున్న మారివిక్. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కుటుంబం, వాళ్ళకదే మొదటి చలికాలం. భర్త రొడెల్ పందుల ఫారంలో పనిచేస్తాడు. రాత్రి షిఫ్టుకి వెళ్ళినవాడు మంచుకి అక్కడే చిక్కుకున్నాడు.

"అంకుల్, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఆగిపోయింది," అంది. "ఎప్పుడాగిందో తెలీదు. పాప ముక్కు ఐసుముక్కలా ఉంది. తలుపు తీస్తే మంచు నా నడుం దాకా ఉంది."

"పదినిమిషాల్లో బయల్దేరతా," అన్నాడు ఒరెస్ట్. ఆ మంచులో పోగలిగేది అతని ట్రాక్టరొక్కటే.

షెడ్డులోకి వెళ్ళి అలవాటుగా చెయ్యి ఆనించాడు. ఇనుము మంచుగడ్డలా చురుక్కుమంది. టైమరు ఇంకా నడిరాత్రి దగ్గరే తిరుగుతోంది. నమ్మలేక సీటెక్కి తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది, ఇంకోసారి ఇంకా నెమ్మదిగా మూలిగింది. బ్యాటరీ కూడా చచ్చిపోతే ఇక దిక్కులేదని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. టైమరు పీకి ఓ మూలకి విసిరేసి, తీగని సూటిగా గోడకి గుచ్చాడు. హీటరు సన్నగా సుయ్‌మంటూ మొదలైంది. ఇంత చలిలో రెండు గంటలన్నా పడుతుంది.

ఇంట్లోకి వచ్చి చెప్పగానే డోరీన్ లేచి లోపలికి వెళ్ళింది. మంచం మీది బొంత తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇంజను మీద కప్పు. నిప్పులు కాదుగా, కాలదు," అంది. తను ఫోను తీసుకుంది. "మారివిక్, నేను డోరీన్ ఆంటీని. విను తల్లీ. అందరూ వంటింట్లోకి వచ్చెయ్యండి. మిగతా తలుపులన్నీ వేసి దుప్పట్లు కట్టు. కరెంటు పొయ్యి వెలిగించి ఓవెన్ తలుపు తెరిచిపెట్టు. పెద్దపిల్లని దాని దగ్గరికి పోనీకు. చంటిదాన్ని నీ కోటు లోపల వేసుకో."

ఒరెస్ట్ మిగతా దార్లు వెతికాడు. పక్క పొలం లిండ్‌స్ట్రామ్‌లు చలికి పారిపోయి అరిజోనాలో ఎండలో కూర్చున్నారు. మంచు తీసే సర్కారు బండి మధ్యాహ్నం దాకా రాదన్నారు. అంబులెన్సు వాళ్ళు రోడ్డు తెరుచుకుంటే వస్తామన్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, షెడ్డులోకి వెళ్ళాడు, మళ్ళీ కిటికీ దగ్గరికి. బొంత కిందికి చెయ్యి పోనిచ్చి చూశాడు. రాయిలా ఉంది.

"నడిచి పోతా," అన్నాడు.

"రెండు మైళ్ళు. నీ మోకాళ్ళతో," అంది డోరీన్. "మధ్యలో పడ్డావంటే నిన్ను ఏరుకురావడానికి ఇంకో ట్రాక్టర్ కావాలి."

"ఊరికే కూర్చోమంటావా?"

"కూర్చోమన్నానా? నీకు కూర్చోవడం వస్తే కదా."

అయినా వెళ్ళాడు. మంచులో మోకాలి లోతున దిగబడుతూ ఇంటి ఎల్లలో ఉన్న పోప్లార్ చెట్ల వరస దాకా పోయాడు. ఆ చెట్లు దాటగానే గాలి ముఖాన్ని కోసేసింది. కనురెప్పలు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఊపిరి లోపలికి పోనంటోంది. దూరంగా సిడోర్‌చుక్ ఇంటి కప్పు చిన్న గీతలా కనిపిస్తోంది, దాని పక్కన రోజూ లేచే తెల్లటి ఆవిరి లేదు. ముందుకొక అడుగు వేశాడు, ఆగాడు. అక్కడ నిలబడి తనని తాను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాడు. ఆ చలిలో వెనక్కి తిరగడం అంత కష్టమైన పని తన బతుకులో ఇంకోటి లేదని తర్వాత డోరీన్‌తో అన్నాడు. ఆ వేళ మాత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె అతని గడ్డం మీది మంచు దులిపింది.

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి రొడెల్. "సార్, నేను ఫారం నుంచి నడిచి వెళ్ళనా?"

"ఎక్కడికీ కదలకు," అన్నాడు ఒరెస్ట్, ఇంచుమించు అరిచినట్టు. "ఇప్పుడే నేను నడిచి చూసొచ్చా. నీ పిల్లలకి తండ్రి కావాలి."

వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. అతను చెప్పులు అరిగేలా తిరిగినంత మాత్రాన ఇంజను తొందరగా వేడెక్కదని డోరీన్ గుర్తుచేసింది. ఇంకోసారి షెడ్డుకి వెళ్ళాడు. ఇప్పుడు ఇనుము చురుక్కుమనలేదు. ఇంకాసేపటికి, నలతపడ్డ మనిషి నుదురులా గోరువెచ్చగా తగిలింది. చాలదని తెలుసు. తాళం మీదికి పోయిన చేతిని జేబులో పెట్టుకుని, షెడ్డులో ఉన్న ప్రతి రెంచినీ వరసగా సర్ది, మళ్ళీ చెదరగొట్టి, మళ్ళీ సర్దాడు.

చివరికి బొంత తీసి, సీటెక్కి, ఊపిరి బిగబట్టి తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ కక్కి, అందుకుంది. స్టీరింగు చక్రం తిప్పబోతే బంకలో తిప్పినట్టుంది. ఇంకాసేపు దాన్ని అలా ఆడనివ్వాలి. ఆ కాసేపు మరీ చంపేసింది.

దారిపొడుగునా ముందు బిగించిన బ్లోయరు మంచుని పక్కకి చిమ్ముతుంటే, ట్రాక్టర్ నడక వేగంతో పోయింది. సిడోర్‌చుక్ ఇంటి వాకిట్లోకి వెళ్ళేసరికి మారివిక్ తలుపు దగ్గరే ఉంది. కోటు మెడ దగ్గర చంటిపాప టోపీ కనిపిస్తోంది. పెద్దపిల్ల బియాంకా తల్లి కాలు పట్టుకుని, "లోలో వచ్చాడు," అంది. వాళ్ళ భాషలో తాతని అలాగే అంటారు.

"పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే నిలబడ్డాను అంకుల్," అంది మారివిక్. "మీ పొగ కనబడ్డాకే పాపకి పాలు పట్టాను."

వాళ్ళని ట్రాక్టర్ క్యాబిన్‌లో వెచ్చగా కూర్చోబెట్టి, ఒరెస్ట్ పార పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళాడు. ఫర్నేసు పొగ బయటికి, గాలి లోపలికి పోయే రెండు గొట్టాలు గోడలోంచి మోకాలెత్తున బయటికి వస్తాయి. వాటి మీద మంచు మేట వేసి ఉంది. గాలాడకపోతే ఫర్నేసు తనంతట అదే ఆగిపోతుంది. పారతో గోకాడు, వేలితో గొట్టం నోరు శుభ్రం చేశాడు. ఇంటి నేలమాళిగలోకి దిగి మీట ఓసారి ఆపి, మళ్ళీ వేశాడు. ఫర్నేసు టిక్ టిక్ అని, గుప్పుమని అంటుకుంది.

అతను కిందనే, మెట్ల మీద చతికిలబడ్డాడు. వెనక కిటికీలోంచి చీపురు కర్రతో పొడిచినా ఆ మంచు రాలేది. ఫోనులో ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. ట్రాక్టర్, హీటరు, ట్రాక్టర్ అనుకుంటూ గిరగిరా తిరిగాడు గానీ, ఫర్నేసు ఎందుకాగిందని అతనికి తట్టనేలేదు.

మారివిక్‌కి ఆ సంగతి చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆమె కాసేపు గొట్టం వైపు, కాసేపు అతని వైపు చూసింది. "చీపురు కర్రా?" అంది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. ఇల్లు వెచ్చబడేలోగా వెల్లుల్లి వేసి అన్నం వేయించి, గుడ్డు కొట్టి పళ్ళెం అతని ముందు పెట్టింది.

సగం తిన్నాడో లేదో లేచాడు.

"కూర్చోండి అంకుల్. ఇప్పుడెక్కడికి?"

"మీ ఆయన నడిచి వచ్చినా వస్తాడు. నాకు వాడి మీద నమ్మకం లేదు," అన్నాడు ఒరెస్ట్, మిగిలిన గుడ్డు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటూ.

ఫారం దారి తెరవడానికి మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గర రొడెల్ టోపీ చెవుల మీదికి లాక్కుని, అన్నం డబ్బా చంకలో పెట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. అతను నడిచిన చోట మంచు చదునుగా తొక్కుకుపోయి చిన్న బాటలా తయారైంది. ఒరెస్ట్ ఆ బాటని చూసి, క్యాబిన్ తలుపు తెరిచాడు.