నీటికుక్క కోసం ఒక కెమెరా

మా బాపు అబద్ధాలకోరని సూరత్‌లోని భేస్తాన్‌లో మా గల్లీ గల్లీ అంతా తేల్చేసింది. నిజం చెప్పాలంటే, అందరికంటే ముందు నవ్వింది నేనే.

మగ్గాలు బందైన కరోనా రోజులవి. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్‌ల చప్పుడులో నిలబడ్డ మనిషికి చెవులు ఎప్పుడో పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. ఊరందరి మూతులకూ మాస్కులు వచ్చేసరికి ఆ దారీ మూసుకుపోయింది. ఇంట్లో కూర్చోలేక, రోడ్ల మీద తిరగనివ్వడం మొదలవగానే గాలం పట్టుకుని డుమస్ వైపు ఖాడీకి పోవడం అలవాటు చేసుకున్నాడు. సముద్రం పోటెక్కితే ఉప్పునీళ్లు లోపలిదాకా వచ్చే వాగును ఇక్కడ ఖాడీ అంటారు. చేపలకు మాటలతో పనిలేదు కాబట్టి అక్కడ ఆయనకు ఏ లోటూ లేదు.

ఒకరోజు ఖాళీ సంచితో వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "నీటికుక్కను చూసిన బిడ్డా! నా గాలానికి పడ్డ చేపను గుంజుకపోయింది," అన్నాడు.

గోదావరిలో మునిగి చేపలు పట్టే ఆ మీసాల జంతువులను చిన్నప్పుడు చూశాడట. సూరత్ మిల్లుల పక్కనుంచి పారే ఖాడీలో నీటికుక్కా? "చేప దొరకలేదని చెప్పరాదా బాపు, గీ కుక్క కథెందుకు?" అని పగలబడి నవ్వాను. ఇంట్లో ఉన్నాను కాబట్టి నాకు మాస్కు లేదు. నా నవ్వు ఆయనకు మొత్తం కనబడింది.

మర్నాడు నా ఫోన్ పట్టుకెళ్లి ఫోటో తీసుకొచ్చాడు. మట్టిరంగు నీళ్లు, మధ్యలో ఒక నల్లచుక్క. ఛాయ్ బండి దగ్గర గోదావరి వైపు నుంచి మాలాగే వలసొచ్చిన మగ్గాల వాళ్లందరికీ చూపించాడు.

"గిది కొట్టుకొచ్చిన చెప్పు గాదే?" అన్నారొకరు.

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేటోళ్లం గాదు మేము," అన్నారింకొకరు.

వాళ్ల మూతులు కనబడకపోయినా కళ్ల కింద ముడతలు చూసి నవ్వుతున్నారని ఆయనకు తెలిసిపోయింది. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాతో కూడా. అప్పుడు తెలిసింది నాకు, నేనెంత పాడుపని చేశానో.

ఐదోరోజు అన్నం కలుపుతూ, "దూరమున్నది దగ్గరికి చూపెట్టే కెమెరా దొరుకుతదా?" అని అడిగాడు. ఇంకెవరైనా అయితే ఇంటి ఖర్చులు గుర్తుచేసేవాళ్లు. నేను మాత్రం వెంటనే లేచి చేతులు కడుక్కున్నాను. ఏ వస్తువైనా దాని కడుపులో ఏముందో తెలుసుకునేదాకా నాకు తోచదు. చీరలకు లేసు కుట్టే మిషన్‌ను రెండుసార్లు విప్పి తిట్లు తిన్నదాన్ని.

ఆల్థాన్‌లో సెకండ్ హ్యాండ్ కెమెరాల దుకాణం ఒకటుంది. పెళ్లిళ్లు ఆగిపోయి, పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు కెమెరాలు అమ్ముకున్నారేమో, అల్మారా నిండిపోయి ఉంది. పైన అంతస్తులో ఎంబ్రాయిడరీ మిషన్లు దడదడలాడుతున్నాయి. దుకాణదారు రెండు కెమెరాలు ముందుపెట్టాడు. ఒకటి నల్లగా నిగనిగలాడుతూ ఇరవై నాలుగు మెగాపిక్సెల్‌లది. రెండోది గీతలు పడ్డది, పదహారే. కానీ దాని లెన్స్ తాబేలు మెడలా ముందుకు సాగుతుంది.

అతను చెప్పిన ఆ లెక్కలను నేను మాస్కు కిందికి లాగి, పెదాలతో బాపుకు చెప్పాను. పోగులెక్కువుంటే బట్ట మంచిది, మెగాపిక్సెల్‌లూ అంతే అనుకున్నాడేమో, ఆయన చెయ్యి ఇరవై నాలుగు మీదికే పోయింది. అయినా పరీక్ష చెయ్యకుండా ఒప్పుకునే మనిషి కాదు. జేబులోంచి మగ్గం మీద కోసిన తెల్లబట్ట ముక్క తీశాడు. అందులో పడుగుపోగు ఒకటి తెగి, సన్నని గీత పడి ఉంది. దాన్ని గోడకు అంటించి ఫోటో తియ్యమన్నాడు. తర్వాత పోగులు లెక్కపెట్టే మడత భూతద్దాన్ని కెమెరా స్క్రీన్ మీద పెట్టి కన్ను ఆనించాడు.

"గిది నా బట్ట గాదు!" అని గట్టిగా అరిచాడు. "తెల్లబట్టల ఎర్రపోగు, పచ్చపోగు యాడికెల్లొచ్చినయ్?"

నేనూ చూశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి. తెల్లబట్టే కాదు, ఆ అద్దం కింద ఏం చూపించినా ఆ మూడు రంగులే. నా ఫోన్ మీద పెట్టి చూశాను, అదీ అంతే. ఇన్నాళ్లూ నేను ఫోన్‌లో చూసిన మొహాలన్నీ ఈ మూడు రంగుల నేతేనా అని నోరు తెరిచి నిలబడిపోయాను.

"కాకా, అద్దం తీసేసి బటన్‌తో పెద్దది చెయ్యాలి," అని దుకాణదారు హిందీలో నవ్వాడు.

ఈసారి బాపు బట్టముక్కను రోడ్డు అవతలి గోడకు అంటించి వచ్చాడు. అందమైన కెమెరాకు అది తెల్లమచ్చలా కనబడింది. గీతలు పడ్డది మెడ చాచి, తెగిన పోగు గీతను కూడా పట్టుకుంది. బాపు ఆ గీతను వేలితో తడిమి, "గిది చూస్తది," అన్నాడు. అంతే, అదే కొన్నాం.

ఆదివారాలు నేనూ వెంట వెళ్లాను. మొదటి రెండు వారాలు కెమెరాకు కొంగలూ బురద చేపలూ దొరికాయి. చేప నోట్లోంచి గాలం తీసేటప్పుడు బాపు చేతులకయ్యే జిగురు కెమెరాకు అంటకుండా నేను చీరముక్క పట్టుకుని కూర్చునేదాన్ని. మూడో ఆదివారం పొద్దున, ఆటుకు నీళ్లు తగ్గినప్పుడు, అవతలి ఒడ్డున ముందు బుడగలు లేచాయి. తర్వాత గుండ్రటి తల, తడి మీసాలు. అది రెండు చేతులతో చేపను పట్టుకుని నములుతుంటే ఆ కరకర నాకు వినబడింది.

బాపు మెల్లగా కెమెరా ఎత్తి బటన్ నొక్కాడు.

"పీక్ పీక్" అంది కెమెరా.

తల మాయమైంది. దుకాణంలో మిషన్ల దడదడలో ఆ కూత నా చెవిన పడనేలేదు. చెవులు పోయిన మనిషికీ, ఆయనతో పెదాలతోనే మాట్లాడే నాకూ, కెమెరా కూస్తుందా అని అడగాలని తట్టలేదు. ఏమీ వినని బాపు మాత్రం మురిసిపోతూ, "వచ్చిందా?" అని స్క్రీన్ నావైపు తిప్పాడు. ఫోటోలో నీటి వలయాలు మాత్రమే వచ్చాయి. లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

మాస్కు పూర్తిగా తీసేశాను. "ఫోటో రాలే బాపు. నేను చూసిన. మీసాలు గూడ చూసిన. ఆ రోజు నవ్విన, తప్పయింది."

ఆయన నా పెదాల వైపే చూస్తున్నాడు. "మల్లొక్కసారి చెప్పు," అన్నాడు. మొదటిసారే అర్థమైందని నాకు తెలుసు. అయినా మళ్లీ చెప్పాను.

ఆ సాయంత్రం ఛాయ్ బండి దగ్గర కెమెరాలోని వలయాలు చూపించి, నీటికుక్కను నా కళ్లతో చూశానని అన్నాను. అందరూ ఒక్కసారిగా నవ్వారు. "అయ్యకు తగ్గ బిడ్డ! అబద్ధాలోళ్లు ఇద్దరైండ్రు పో!" అని ఒకాయన మాస్కు దింపి మరీ అన్నాడు.

ఈసారి మాట బాపుకు అందింది. కోపం వస్తుందేమోనని చూశాను. ఆయన తన ఛాయ్ సగం నా గ్లాసులో పోసి, అందరికీ వినబడేలా అన్నాడు: "అవ్, ఇద్దరం. నిన్నటిదాంక ఒక్కన్నే ఉంటి."