గడియారాల మేస్త్రీ, బుధుడి చుక్క

పోయిన వారం కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో పేపరు చదువుతున్నాను. సూర్యుడిని దగ్గరగా చూసి రావడానికి పంపిన నౌక గురించి పెద్ద వార్త, దాని కిందే ఇలాంటి వాటికి ఇంత డబ్బు తగలేయాలా అని ఒక పెద్దమనిషి ఏడుపు. కుక్కరు కూత పెడితే భూతద్దాన్ని కళ్ళజోడు పెట్టె మీద ఆనించి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి గదంతా కాగితం మాడిన వాసన. ఎండ సరిగ్గా అద్దం మీద పడి, ఆ పెద్దమనిషి వ్యాసంలో శనగగింజంత చిల్లు పెట్టింది. తగిన శాస్తి జరిగిందని నవ్వుకున్నాను గానీ, ఆ వాసన నన్ను వదల్లేదు. ఖరగ్‌పూర్ స్టేషను వెనక పెరడు, మే నెల ఎండ, తెల్లకాగితం పట్టుకుని నిలబడ్డ దైవసహాయం గారు, అన్నీ దానితో పాటే వచ్చేశాయి.

దైవసహాయం గారు రైల్వేలో గడియారాలు బాగుచేసేవారు. తాతల నాడు భీమిలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా వరసలోనే చివరి క్వార్టరు వాళ్ళది. పొట్టి మనిషి. గడియారాలు చూసే అద్దం గొట్టం బిగించి బిగించి ఎడమ కన్ను ఎప్పుడూ చికిలించినట్టే ఉండేది. ఊళ్ళో తెలుగువాళ్ళు మేస్త్రీ గారనీ బెంగాలీలు ఘడీ-దాదా అనీ పిలిచేవారు. ఆయన దగ్గరకు గడియారాలు పట్టుకెళ్ళే ఇంట్లో పుట్టినదాన్ని నేను. మా నాన్న గూడ్సు గార్డు. అప్పట్లో రోజూ సాయంత్రం నాలుగు గంటలకు కంట్రోలు ఆఫీసు నుంచి ఫోను మీద టైము సిగ్నలు వచ్చేది. ఆ క్షణానికి స్టేషన్లలో గడియారాలూ, గార్డుల జేబు గడియారాలూ అన్నీ సరిచేసుకోవాలి. సెలవు రోజున కూడా నాన్న నన్ను వెంటబెట్టుకుని యార్డు ఆఫీసుకు వెళ్ళి గడియారం కలుపుకుని వచ్చేవాడు. కీ పైకి లాగితే సెకన్ల ముల్లు ఆగేది, సిగ్నలు వినగానే నొక్కేస్తే నడిచేది. ఆ నొక్కే పని నాది. ఇంట్లో అంతకన్నా గొప్ప ఉద్యోగం లేదని నమ్మేదాన్ని.

ట్రాఫిక్ అనే పేటలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో, నాన్న గడియారం నూనె వేయించడానికి మేస్త్రీ గారి గదికి తీసుకెళ్ళాను. ఇరవై రెండేళ్ళ దాన్ని, పైగా బి.ఎస్సీ. పాసైన గర్వం. గడియారం కరెక్టుగానే నడుస్తోంది, నూనె వేస్తే చాలు అన్నాను. ఆయన తలెత్తకుండానే అన్నారు.

"కరెక్టుగా నడిసే గడియారం నా సర్వీసులో ఒకటీ సూడ్నేదమ్మీ. ఎంత తప్పుతాదో సెప్పు, అది సాలు."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆయన నన్ను పట్టించుకోకుండా ఒక లావు రిజిస్టరు తెరిచి చూపించారు. వందల గడియారాలు, ఒక్కొక్కటీ ఏ రోజు ఎన్ని సెకన్లు ముందుందో, ఎన్ని వెనకుందో, ఎవరు సరిచేశారో, వరసగా ఉంది. తప్పని గడియారం కాదట మంచిది. రోజూ ఒకేలా తప్పేది మంచిది, దాన్ని నమ్మొచ్చు అని ఆయన లెక్క. ఆ లెక్కన మా నాన్న గడియారం అన్నిట్లోకీ మంచిదట. అది విన్నాక నా కోపం కాస్త దిగింది.

గది వెనక పెరట్లో ఆయన అసలు సరదా ఉండేది. ఇంజినీరింగువాళ్ళు పారేసిన కొలతల దుర్భిణి ఒకటి తెచ్చి, కటకాలు మార్చి, ముక్కాలి మీద నిలబెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని సూర్యుడికేసి తిప్పి, వెనక తెల్లకాగితం పట్టేవారు. కాగితం మీద సూర్యుడు పళ్ళెమంత పడేవాడు, అందులో నల్లటి మచ్చలు. పెన్సిలుతో వాటి చుట్టూ గీసి తేదీ వేసేవారు. మొదటి రోజు నేను కాగితం మరీ దగ్గరగా పెట్టి మాడ్చేశాను. ఆయన ఆ రోజు బొమ్మ పక్కన "కాగితం కాలినది" అని రాసుకున్నారు. పదహారేళ్ళుగా గీస్తున్నారట. ఎవరికి చూపిస్తారంటే, "సూర్యుడు ఎవులికి సూపించుకుంటన్నాడు?" అని ఎదురడిగారు. ఆ మనిషంటే నాకు అప్పుడే భక్తి కుదిరింది.

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టి ఏడాది కాలేదు. ఎక్కడ చూసినా సైన్సు క్లబ్బుల హడావిడి. మా స్టాఫ్ రూములో మాత్రం తిండికి లేని దేశానికి ఆకాశం దేనికని వాదన, ఆడపిల్లలకు ఫిజిక్సు అసలే దేనికని మరో వాదన. మా బడిలో తొమ్మిదో తరగతి నుంచి పిల్లలకు గృహవిజ్ఞానమే గతి. ప్రయోగాలకు పరికరాలు లేని బడికి ఫిజిక్సు ఇవ్వరు. పరికరాలకు డబ్బు లేదు. అలాంటప్పుడు ఒక ఖగోళ పరిశోధనశాల నుంచి బడులకు ఉత్తరం వచ్చింది. 1970 మే నెలలో బుధగ్రహం సూర్యుడికి అడ్డంగా వెళుతుంది. సూర్యుడి అంచును అది తాకిన క్షణాన్ని సరైన టైముతో పంపిన బడుల్లో కొన్నిటికి మంచి టెలిస్కోపు ఒకటి, దానితో పాటు ప్రయోగశాల సామాను. అంచు తాకిన టైమే కాదు, గడియారాన్ని అదే రోజు సరిచూసిన రుజువు కూడా రాయాలి. ఉత్తరం పట్టుకుని మేస్త్రీ గారి దగ్గరకు పరిగెత్తాను. అది వస్తే మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఫిజిక్సు వస్తుంది, మా హెడ్‌మిస్ట్రెస్ మాట ఇచ్చారు అన్నాను. ఆయన రెండుసార్లు చదివి, నాన్న గడియారం పట్టుకురమ్మన్నారు.

బుధుడు అడ్డం వచ్చే రోజున పొద్దున్నే కరెంటు పోయింది. రేడియోలో గంట గంటకూ వచ్చే టైము సిగ్నలుతో గడియారం సరిచూద్దామన్న ఆశ పోయింది. నాలుగింటి సిగ్నలుతో చూసుకుంటే సరిపోతుందిలే అన్నారు మేస్త్రీ గారు. తొమ్మిదో తరగతి పిల్లలంతా పెరట్లో చేరారు. ఆయన కాగితం దగ్గర, నేను గడియారం దగ్గర. పదింటికి కాస్త ముందు, సూర్యుడి అంచున ఆవగింజలో సగమంత నల్లచుక్క కనబడింది. మొదట చూసింది నూకరత్నం అనే పిల్ల, గ్యాంగ్‌మన్ కూతురు. "అదుగో, కొరికినట్టున్నాది" అంది. మేస్త్రీ గారు "ఇప్పుడు" అన్నారు, నేను సెకన్లతో సహా రాసుకున్నాను. చుక్క లోపలికి పూర్తిగా దిగినప్పుడు మళ్ళీ రాసుకున్నాను. ఇంత చిన్న చుక్కే ఒక లోకం, అది మా పెరట్లో కాగితం మీద నడుస్తోంది అనుకుంటే ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యాహ్నం దాటాక వర్క్‌షాపు జనం కూడా వరస కట్టారు. మేస్త్రీ గారు కాగితం పట్టుకుని ఒక్కొక్కరికీ చూపిస్తున్నారు. సరిగ్గా అప్పుడు గదిలో ఫోను మోగింది. నాలుగు గంటల సిగ్నలు. నేనే వెళ్ళాను. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో గడియారం. కీ లాగాను, విన్నాను, నొక్కాను. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చేసిన పని, నా చెయ్యి నన్ను అడగలేదు. బయటికొచ్చి, నాలుగింటి సిగ్నలు కలిపేశాను మేస్త్రీ గారూ అని గొప్పగా చెప్పాను.

ఆయన చేతిలో కాగితం కిందికి దిగింది. "కలపక ముందు ఎంత తేడా ఉన్నాదో సూసినావా?"

చూడలేదు. చూడలేదని చెప్పాక గానీ ఏం చేశానో నాకు తెలియలేదు. పొద్దున రాసుకున్న టైము ఎన్ని సెకన్లు తప్పో ఇక ఎవరూ చెప్పలేరు. చుక్క బయటికి వెళ్ళే టైమన్నా పట్టుకోవచ్చు కదా అని అయిదున్నర దాటేదాకా ఎదురుచూడాలనుకున్నాం. అయిదింటికే పడమట నల్లగా కమ్మి, బెంగాలులో కాలబైశాఖి అనే వేసవి గాలివాన లేచి, కాగితాలూ ముక్కాలీ పడగొట్టి వాన కొట్టింది. పిల్లలు గోలగోలగా గదిలోకి పరిగెత్తారు.

వాళ్ళంతా వెళ్ళాక నేను మేస్త్రీ గారిని బతిమాలాను. నిన్న నాలుగింటికి ఈ గడియారం ఎనిమిది సెకన్లు వెనకుందని రిజిస్టరులోనే ఉంది. రోజూ ఒకేలా తప్పే గడియారం అని మీరే అన్నారు. ఇవాళా ఎనిమిదని రాసేద్దాం, పిల్లల బతుకులు అని చెప్పాను. ఆయన గడియారాన్ని అరచేతిలోకి తీసుకున్నారు.

"ఎనిమిదే అయ్యుండొచ్చమ్మీ. అలగైతే ఎనిమిది అనుకుంటన్నామని రాయి. సూసినామని రాయకు. అవతల లెక్క కట్టేవోడు మన అంకెని తన అంకెలో కలుపుకుంటాడు. మనమెవులిమో ఆడికి తెల్దు. తెల్దు గనకే నమ్ముతాడు."

ఉత్తరం నేనే రాశాను. సాయంత్రం నాలుగింటికి గడియారం సరిచేయడం జరిగింది, అంతకుముందు తేడా చూడడం జరగలేదు, ముందురోజు తేడా ఎనిమిది సెకన్లు అని. సరిచేసింది ఎవరో అందులో లేదు. ఆయన చదివి, "ఇంతేనా అమ్మీ?" అన్నారు. ఇంతే అన్నాను. సంతకం పెట్టారు.

వానాకాలంలో జవాబొచ్చింది. టెలిస్కోపు వేరే ఊరి బడికి. మా పిల్లలు గృహవిజ్ఞానంలోకి వెళ్ళారు. ఏమైంది టీచర్ అని అడిగితే, మబ్బొచ్చింది కదమ్మా అన్నాను. మబ్బు వచ్చిన మాట నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నూకరత్నం ఏడ్చింది. నేను దాని తల నిమిరాను కూడా. సిగ్గులేనిదాన్ని.

మేస్త్రీ గారు ఈ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నాకు రేఖాగణితం బోధపడని చోట బోధపరిచారు, మచ్చలు గీయడం నేర్పారు, నా పెళ్ళికి గోడ గడియారం ఇచ్చారు. రెండేళ్ళకు రిటైరయ్యారు. గది అప్పగించే రోజున సాయం చేద్దామని వెళ్ళి, దుమ్ము దులుపుతూ ఆ రిజిస్టరు తిరగేశాను. నా కళ్ళు ఆ తేదీని వెతుక్కున్నాయి. నాన్న గడియారం వరసలో ఆయన చేతిరాత: "నాలుగు గంటలకు. తేడా తెలియదు." అంత లావు పుస్తకంలో నాకు అలాంటి గడి మరొకటి కనబడలేదు. ఎవరు సరిచేశారన్న చోట ఖాళీ.

ఖాళీగా ఎందుకు వదిలేశారని అడిగాను.

"నీ పేరు నేనెలగ రాస్తానమ్మీ" అన్నారు ఆయన, స్క్రూలు డబ్బాలో సర్దుకుంటూ.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నా తప్పు నేనే ఒప్పుకుంటానని రెండేళ్ళు ఆయన ఎదురుచూశారని, ఒక్కసారైనా చిన్నబుచ్చలేదని అప్పుడు అర్థమైంది. అంత పెద్దమనసును నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆయన పెన్ను తీసుకుని ఆ ఖాళీలో పైడితల్లి అని నా పేరు రాశాను. ఆయన సిరా ఆరేదాకా చూసి పుస్తకం మూశారు.

మర్నాడు పదకొండో తరగతికి వెళ్ళాను. ఆ పిల్లలే, అప్పుడు కుట్టు క్లాసులో ఉన్నారు. మబ్బు ఆలస్యంగా వచ్చింది, దానికి ముందే పని పాడైంది, పాడుచేసింది నేను అని చెప్పాను. నూకరత్నం సూది గుడ్డలో గుచ్చి తలెత్తింది.

"రెండేళ్ళ నుంచీ మబ్బుని తిట్టుకుంటన్నాను, టీచర్" అంది. గంట కొట్టేదాకా మళ్ళీ నా మొహం చూడలేదు.

మరో మూడేళ్ళకు మా బడికి ఫిజిక్సు వచ్చింది. నూకరత్నానికి రాలేదు. నేను హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను, రిటైరయ్యాను, ఇన్నేళ్ళలో చేసిన తప్పులకు లెక్క లేదు. నా పేరు పెట్టి తప్పు చెప్పడం ఇప్పటికీ నాకు సులువు కాదు. అయినా చెబుతాను. చెప్పిన ప్రతిసారీ ఎదురుగా ఎవరున్నా, నాకు నూకరత్నమే కనబడుతుంది.