నల్లగొండ సర్వీస్ సెంటర్‌లో ముందు సీటు పంచాయితీ

భువనగిరి కోట ఎక్కాలని మా ఆవిడ యాదమ్మ మూడేళ్లుగా అడుగుతోంది. కారు వారంటీ ఇంకా నాలుగు రోజులే ఉందని తెలిశాక గానీ నాకు కదలిక రాలేదు. కారు కొన్న షోరూం నల్లగొండలో, దారిలోనే ఉంది. నడుస్తుండగానే స్పీడు చూపే తెర నల్లబడి, హెచ్చరిక లైట్లన్నీ ఒక్కసారి వెలగడం మా కారు జబ్బు. మూడుసార్లు చూపించాను. మూడుసార్లూ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఏ లోపమూ లేదని పంపేశారు. నన్ను నమ్మకపోవడంలో వాళ్ల తప్పు లేదు. కారు తీసుకున్న రోజు డిక్కీలో గొర్రెపిల్లను దాచి, మేనేజర్ చేతనే తెరిపించిన ఘనుణ్ణి నేను.

ఉదయం ఆరింటికి కల్వకుర్తిలో బయలుదేరి, ఏడున్నరకు దేవరకొండలో ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ వంద లోపే అయింది. ఊరు దాటగానే తెర నల్లబడింది. టీకి ఆపితే నా పక్క సీట్లోంచి యాదమ్మ దిగింది, తెర వెలిగింది. ఎక్కింది, ఆరిపోయింది. ఆమె గొర్లు కాసిన ఇంటి బిడ్డ. మందలో ఏది కుంటుతోందో దూరం నుంచే చెప్పగలదు.

"నేను కూసుంటెనే పోతాంది. వాళ్లు ఒక్కలే నడిపి చూస్తరు, ఇంకెట్ల దొరుకుతది?" అంది.

"నీ బరువుకు భయపడుతుందేమోనే!"

"నీ నోటికి భయపడనిది నాకెందుకు భయపడతది? నడుపు."

తొమ్మిదిన్నరకు షోరూం చేరాం. మేనేజర్ నన్ను చూసి నవ్వాడు. "ఏందన్నా, ఈసారి డిక్కీల ఏం తెచ్చినవ్?"

"సారూ, జర మీరు గీ ముందు సీట్ల కూసోండ్రి," అంది యాదమ్మ.

"నేనెందుకమ్మా? కంప్యూటర్ చూస్తది గద."

"కంప్యూటర్ కూసోదు గద సారూ."

ఆయన కూర్చున్నాడు, నేను నడిపాను. గేటు దాటకముందే తెర నల్లబడింది. ఆయనే దిగి మెకానిక్‌ను కేకేశాడు. సీటు విప్పితే కింద తెరకు పోయే వైర్ల కట్ట కనిపించింది. మనిషి బరువు పడ్డప్పుడల్లా సీటు కింది ఇనుప పట్టీ దాన్ని నొక్కి, తొడుగు అరగదీసింది. వారంటీలోనే కొత్త కట్ట వేశారు. పని ఒంటిగంటకు ముగిసింది.

నార్కట్‌పల్లిలో భోంచేసి మూడున్నరకు భువనగిరి చేరాం. పోను రాను డీజిల్ రెండు వేల పైచిలుకు. యాదమ్మ ఆగకుండా పైకెక్కింది, నేను మూడుచోట్ల కూలబడ్డాను. పైన ఉండగా, కారు ఎట్లుందో అడగడానికి మేనేజర్ ఫోన్ చేశాడు. నా నాలుక ఊరుకుంటుందా? "మళ్లీ నల్లబడింది సార్!" అన్నాను. యాదమ్మ ఫోన్ గుంజుకుంది. "ఉత్తదే సారూ, మంచిగుంది."

ఆయన ఆమె మాటే నమ్మాడు. మూడుసార్లు నేను నిజం చెబితే నమ్మని మనిషి, ఆమె ఒక్క మాటకు హమ్మయ్య అన్నాడు. ఆ కోట బండరాయి మీద నిలబడి నాకు అసూయ కలగలేదు, ఛాతీ ఉబ్బింది. మీరూ కారు చూపించబోతుంటే ఒక్క మాట వినండి: రోజూ అందులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో వాళ్లను అక్కడే కూర్చోబెట్టి, షోరూం మనిషి కళ్లముందే నడిపించండి.